ఇంగ్లీషు నిర్దేశక సర్వనామాలు

దగ్గరున్నదాన్నీ దూరంగా ఉన్నదాన్నీ చూపి చెప్పే ఇంగ్లీషు సర్వనామాలు. ప్రామాణిక ఇంగ్లీషులో నాలుగే ఉన్నాయి: దిస్, దట్ ఏకవచనాలు, దీజ్, దోజ్ బహువచనాలు. దూరం అన్నది చోటుకే కాదు, కాలానికీ మనసుకీ కూడా వర్తిస్తుంది.

ఇవి నామవాచకం ముందు నిలిస్తే విశేషణాలు, ఒంటరిగా నిలిస్తే సర్వనామాలు అని పాఠశాల వ్యాకరణాలు చెబుతాయి. లిండ్లీ మర్రే 1795 నాటి వ్యాకరణంలో వీటిని విశేషణ సర్వనామాల్లో చేర్చాడు. హడిల్‌స్టన్, పులమ్‌ల కేంబ్రిడ్జి వ్యాకరణం (2002) మాత్రం రెండు చోట్లా మాట జాతి ఒక్కటేనని వాదించింది. సిద్ధాంతంగా అది బలమైనదే. అయినా తెలుగు విద్యార్థికి పాత విభజనే అక్కరకొస్తుంది. 'ఈ పుస్తకం', 'ఇది పుస్తకం' అన్నప్పుడు మన భాషలో రూపాలే వేరు కాబట్టి తేడా ఇట్టే పట్టుబడుతుంది.

పాత ఇంగ్లీషులో వీటికి లింగభేదం ఉండేది. నేటి దిస్, దట్ అప్పటి నపుంసక ఏకవచన రూపాల నుంచి వచ్చాయి. బహువచనాల చరిత్ర ఇంత తేటగా లేదు. దోజ్ అన్నది మొదట 'దిస్'కు బహువచనంగా ఉన్న రూపం నుంచి వచ్చి, తర్వాత 'దట్' పక్షాన చేరిందన్న వివరణకే మొగ్గు ఎక్కువ. మరింత దూరాన్ని చూపే 'యాన్' స్కాట్లాండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్ మాండలికాల్లో నిలిచి ఉంది.

తెలుగువారి తప్పులు చాలావరకు తెలుగు నిర్మాణం నుంచే పుడతాయి. మన 'ఈ', 'ఆ' వచనాన్ని బట్టి మారవు: ఈ పుస్తకం, ఈ పుస్తకాలు. అందుకే 'దిస్ బుక్స్' అన్న ప్రయోగం అంత తేలిగ్గా నోట వస్తుంది. 'దీజ్ బుక్స్' అనాలి. దీనికి ఉచ్చారణ కూడా తోడవుతుంది. దిస్‌లో అచ్చు పొట్టిది, చివర 'స' ధ్వని. దీజ్‌లో అచ్చు దీర్ఘం, చివర నాదం ఉన్న 'జ' లాంటి ధ్వని. రెండూ 'దిస్' అనే పలికితే వచనం తేడా వినేవారి చెవికి చేరదు.

రెండోది మనుషుల విషయం. ఈయన, ఈమె, వీరు అని తెలుగులో ప్రథమ పురుషకే దగ్గర, దూరం ఉన్నాయి. ఇంగ్లీషులో లేవు. పరిచయం చేస్తూ 'దిస్ ఈజ్ మై అంకుల్' అనడం సరైనదే. ఆయన గురించి 'దిస్ ఈజ్ కమింగ్ టుమారో' అంటే మాత్రం రేపు రాబోయేది ఏదో వస్తువు అనే అర్థం వస్తుంది. అక్కడ 'హీ' రావాలి. 'ఎవరైతే' అనే అర్థంలో వచ్చే 'దోజ్ హూ' మనుషులకు నిస్సంకోచంగా చెల్లుతుంది.

'దీజ్ డేస్' ముందు సాధారణంగా 'ఇన్' రాదు. 'ఆ రోజుల్లో' అనడానికి మాత్రం 'ఇన్ దోజ్ డేస్' అనే రాయాలి. భారతీయ ఇంగ్లీషులో ఈ 'ఇన్' తరచు జారిపోతుంది.

పోలికల్లో జాగ్రత్త అవసరం. హైదరాబాద్ వాతావరణం విజయవాడ వాతావరణం కంటే చల్లన అని చెప్పబోయి, వాతావరణాన్ని ఊరితో పోల్చేస్తుంటారు. 'దాన్ దట్ ఆఫ్ విజయవాడ' అంటే లెక్క సరిపోతుంది. బహువచనమైతే 'దోజ్ ఆఫ్'. రెన్, మార్టిన్‌ల పాఠ్యపుస్తకం ఈ ప్రయోగాన్ని భారతీయ తరగతి గదుల్లో బాగా పాతుకునేలా చేసింది. దాని తొలి ముద్రణకు 1935, 1936 రెండు సంవత్సరాలూ కనిపిస్తాయి. 1930ల నడిమి అనుకోవడం మేలు.

'దీజ్ కైండ్ ఆఫ్' సంగతి వివాదాస్పదం. ఏకవచనం ముందు బహువచనం కుదరదని నియమవాదులు అంటారు. కానీ ఈ వాడుక షేక్‌స్పియర్ కాలానికే ఉంది. రాతలో 'దిస్ కైండ్ ఆఫ్' లేదా 'దీజ్ కైండ్స్ ఆఫ్' అని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఫోన్‌లో తనను తాను 'దిస్ ఈజ్' అని చెప్పుకోవడం అంతటా ఉంది. అవతలి మనిషి ఎవరని అడిగేటప్పుడు బ్రిటన్‌లో 'ఈజ్ దట్', అమెరికాలో 'ఈజ్ దిస్' ఎక్కువగా వినిపిస్తాయి.

వ్యాసరచనలో పెద్ద చిక్కు ఒంటరి 'దిస్'. బస్సు ఆలస్యమైంది, తలుపు బిగుసుకుపోయింది అని రెండు విషయాలు చెప్పి, డ్రైవర్ విసుగు గురించిన మూడో వాక్యం 'దిస్'తో మొదలుపెడితే ఆ రెంటిలో ఏది అతన్ని విసిగించిందో తేలదు. పక్కన ఒక నామవాచకం చేర్చి 'దిస్ డిలే' అంటే సందిగ్ధం పోతుంది.