గడప దగ్గర ఆగిన చట్టం

సంతలో కోడెను బేరం చేసేవాడు ముందు మూతి పట్టుకుని, పెదవి పైకెత్తి పళ్లు చూస్తాడు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా అన్నదాన్ని బట్టి వయసు కడతాడు, ఆ తర్వాతే ధర మాట్లాడతాడు. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే లండన్ దంతవైద్యుడు వెయ్యిమందికి పైగా పిల్లలకు ఇలాగే పళ్లు చూసి, ఆ లెక్కలను పుస్తకంగా వేసి పార్లమెంటు ముందు పెట్టాడు. అప్పటికి నాలుగేళ్ల కిందట, తొమ్మిదేళ్లలోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదని చట్టం వచ్చింది. పిల్లకు తొమ్మిది నిండాయో లేదో చెప్పే కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఇంగ్లండులో ప్రభుత్వం జననాలను నమోదు చేయడం మొదలైందే 1837లో. అప్పటిదాకా డాక్టరు పిల్లను ఎగాదిగా చూసి సర్టిఫికెట్ రాసిచ్చేవాడు. కూలి డబ్బులు కావలసిన తండ్రి ఒక ఏడు కలిపి చెప్పేవాడు. పిల్లలు కావలసిన మిల్లువాడికి నమ్మడానికి అభ్యంతరం ఉండేది కాదు.

అంతకు ముందు చట్టాలు లేకపోలేదు. 1802లో ఒకటి, 1819లో ఇంకొకటి వచ్చాయి. తొమ్మిదేళ్ల హద్దు కూడా 1819 నాటిదే. అమలవుతోందో లేదో చూసే నాథుడు లేక రెండూ కాగితాల మీదే ఉండిపోయాయి. 1833లో వచ్చిన అసలు మార్పు ప్రభుత్వం జీతమిచ్చి ఇన్‌స్పెక్టర్లను పెట్టడం. దేశం మొత్తానికి నలుగురు. పదమూడేళ్లలోపు వాళ్లకు వారానికి 48 గంటలకు మించి పని వద్దన్నారు, రోజుకు రెండు గంటలు చదువు చెప్పించాలన్నారు. అదే చట్టం పట్టు మిల్లులకు మాత్రం వయసు హద్దు సడలించింది. పట్టుదారం సున్నితమైనది, దానికి చిన్న వేళ్లే కావాలన్నది ఆ యజమానుల వాదన. ఈ చిన్న వేళ్ల మాటను పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. తివాచీల మగ్గం దగ్గర, అగ్గిపెట్టెల కార్ఖానాలో, పత్తి చేలో మళ్లీ మళ్లీ వినబడుతుంది.

గనుల కథ త్వరగా తేలింది. 1842లో విచారణ సంఘం నివేదికలో బొమ్మలు అచ్చయ్యాయి. నడుముకు గొలుసు కట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ బొగ్గుబండి లాగుతున్న పిల్లలు, చీకట్లో ఒంటరిగా కూర్చుని తలుపు తీసి మూసే పసివాళ్లు. ఆ ఏడాదే స్త్రీలను, బాలికలను, పదేళ్లలోపు బాలురను గని లోపల పనికి దింపకూడదని చట్టం చేశారు.

పొగగొట్టాలు తుడిచే పిల్లల కథ అలా కాదు. వాళ్లకోసం మొదటి చట్టం వచ్చింది 1788లో, మిల్లు పిల్లల కంటే ముందు. అడుగు వెడల్పు కూడా లేని గొట్టాల్లోకి మోచేతులూ మోకాళ్లూ ఆనించి ఎక్కి, మసి గీకి దిగాలి. బక్కపలచని పిల్లాడికే గిరాకీ. 1834లో ఇంకో చట్టం, 1840లో మరొకటి, 1864లో మళ్లీ ఒకటి. 1840 చట్టం ప్రకారం 21 ఏళ్లలోపు ఎవరినీ గొట్టం ఎక్కించకూడదు. అయినా ఎక్కించారు. 1875లో జార్జి బ్రూస్టర్ అనే కుర్రాడు కేంబ్రిడ్జి దగ్గర ఒక ఆసుపత్రి పొగగొట్టంలో ఇరుక్కుని చనిపోయాడు. ఆ చావును పట్టుకుని పార్లమెంటులో లార్డ్ షాఫ్ట్స్‌బరీ గట్టిగా పోరాడాక, పొగగొట్టాలు తుడిచేవాళ్లకు పోలీసు లైసెన్సు ఉండాలన్న చట్టం వచ్చింది. అప్పటికిగానీ పద్ధతి ఆగలేదు. మొదటి చట్టానికీ దీనికీ మధ్య 87 ఏళ్లు. ఇంత కాలం పట్టడానికి కారణం కష్టమైనదేమీ కాదని నాకనిపిస్తుంది. మిల్లుకు గేటు ఉంటుంది, ఇన్‌స్పెక్టరు వెళ్లి తట్టవచ్చు. పొగగొట్టం ఉన్నది పెద్దమనుషుల ఇళ్లలో. చట్టం చేసినవాళ్ల ఇళ్లలోనూ ఉంది.

ఇంగ్లండులో మిల్లుల నుంచి పిల్లలను నిజంగా బయటికి తెచ్చింది బడి. 1870 నుంచి ఊరూరా బడులు పెట్టి, 1880లో పదేళ్లదాకా చదువు తప్పనిసరి చేశారు. వయసు తేల్చడానికి పళ్లు లెక్కపెట్టే అవసరం తప్పింది. పిల్ల బడిలో ఉందా లేదా అన్నది హాజరుపట్టీ చెబుతుంది.

అమెరికాలో లూయిస్ హైన్ 1908 నుంచి ఊళ్లు తిరిగి మిల్లు పిల్లల ఫొటోలు తీశాడు. పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చుకుని, జేబులో దాచిన కాగితం మీద రాసుకునేవాడు. 1916లో పిల్లల పనికి అడ్డుకట్ట వేసే కేంద్ర చట్టం వచ్చింది. నార్త్ కరోలినాలో డాగెన్‌హార్ట్ అనే మిల్లు కార్మికుడు, తన కొడుకుల పని పోతుందని కోర్టుకెక్కాడు. 1918లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చట్టాన్ని కొట్టేసింది. 1938లో వచ్చిన కొత్త చట్టం నిలబడింది, పొలం పనిని మాత్రం చాలామటుకు వదిలేసింది. ఆ వెసులుబాటు ఈనాటికీ పోలేదు.

మన దేశంలో 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్లలోపు పిల్లల్ని నిషేధించింది. ఏడు నుంచి పన్నెండు దాకా రోజుకు తొమ్మిది గంటలు చేయించుకోవచ్చు. వంద మందికి తక్కువైన కార్ఖానాలు దాని కిందికి రావు. బొంబాయి మిల్లుల పోటీ తట్టుకోలేక మాంచెస్టర్ వాళ్లు దీన్ని తెప్పించారని మన జాతీయవాద పత్రికలు దుమ్మెత్తిపోశాయి. అందులో నిజం ఉంది. పిల్లల పక్షాన మాట్లాడటానికి దొరికింది స్వార్థపరులే కావడం మాత్రం మనం గర్వపడాల్సిన విషయం కాదు. 1911లో గోఖలే ప్రాథమిక విద్యను నిర్బంధం చేసే బిల్లు తెచ్చారు. మరుసటి ఏడు 13-38 ఓట్లతో అది వీగిపోయింది. ఓడించిన వాళ్లలో తెల్లదొరలతో పాటు మన జమీందారులూ ఉన్నారు. ఇంగ్లండు 1880లో ఎక్కిన మెట్టు ఎక్కడానికి మనకు 2009 విద్యాహక్కు చట్టం దాకా పట్టింది.

1933లో ఒక చిన్న చట్టం వచ్చింది. దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. పిల్లల శ్రమను తాకట్టు పెట్టి తల్లిదండ్రులు అడ్వాన్సు తీసుకునే ఒప్పందాలు చెల్లవని అందులో రాశారు. తప్పు చేస్తే తండ్రికి 50 రూపాయలు, యజమానికి 200 జరిమానా. ఆ అడ్వాన్సు మన పల్లెల్లో జీతం అన్న పేరుతో బతికింది. ఆఫీసువాడు జీతం తెచ్చుకుంటాడు, పల్లెలో పిల్లాడిని జీతానికి పెడతారు. మాట ఒకటే, బతుకులు వేరు. మూడో తరగతిలో నా పక్కన కూర్చున్న కుర్రాడు సంక్రాంతి సెలవుల తర్వాత రాలేదు. జీతానికి కుదిరాడని పంతులుగారు పేరు కొట్టేశారు. ఆయన గొంతులో వింత ఏమీ లేదు. కొన్నాళ్లకు వాడు చెరువుగట్టు మీద గేదెలతో కనిపించాడు. చెప్పులు మాత్రం కొత్తవి.

1986 చట్టం ప్రమాదకరమైన పనులకు జాబితా కట్టి పద్నాలుగేళ్లలోపు పిల్లలకు నిషేధించింది. కుటుంబంతో కలిసి ఇంట్లో చేసేదానికి మినహాయింపునిచ్చింది. బీడీ కార్ఖానాలో నేరమైనది, తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరించే పిల్ల విషయంలో నేరం కాకుండా పోయింది.

గేటు దగ్గర మాత్రమే కాపలా పెడితే ఏమవుతుందో బంగ్లాదేశ్‌లో తేలింది. పిల్లలు కుట్టిన బట్టల దిగుమతి ఆపాలని 1992లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్ బిల్లు పెట్టారు. అది నెగ్గనే లేదు. ఆ భయానికే ఢాకా గార్మెంట్ ఫ్యాక్టరీలు దాదాపు 50 వేల మంది పిల్లల్ని వెళ్లగొట్టాయని యునిసెఫ్ అంచనా. వాళ్లలో చాలామంది రాళ్లు కొట్టడానికీ, వీధుల్లో అమ్మకాలకీ, అంతకంటే ఘోరమైన వాటికీ చేరారు. 1995లో యజమానుల సంఘం, యునిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ కూర్చుని, ముందు బడి చూపించి తర్వాతే పని మాన్పించాలని ఒప్పందం రాసుకున్నాయి.

ఆ పాటికే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట పెట్టిన సంస్థ అది. దాన్ని నడిపిన ఆయన మనవరాలు శాంతా సిన్హా మాట సూటిగా ఉండేది. బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ఏం పని చేస్తోందన్న లెక్క అనవసరం. గేదెలు కాసినా, తమ్ముణ్ణి ఎత్తుకున్నా లెక్కలోకి వస్తుంది. ప్రమాదకరమైన పని, మామూలు పని అన్న జాబితాలు ఆ ఒక్క మాటతో అక్కర్లేకుండా పోతాయి. జీతం నుంచి విడిపించిన పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతుంది. అందుకని క్యాంపులు పెట్టి, ఆమె వయసు పిల్లల తరగతికి తగ్గ చదువు నేర్పి అప్పుడు బడిలో చేర్చారు.

ఈ పద్ధతికి పెద్ద పరీక్ష సీడు పత్తి. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే సంకర రకాన్ని విడుదల చేశాక విత్తనం కోసమే పత్తి వేయడం మొదలైంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అది బాగా పాకింది. అందులో అసలు పని క్రాసింగ్. సాయంత్రం ఆడ మొక్కల మధ్య తిరుగుతూ మర్నాడు విచ్చబోయే మొగ్గను పట్టుకుని, రెక్కలు వలిచి, పుప్పొడి తిత్తుల్ని గోటితో గీకి తీసేయాలి. కీలం విరిగితే కాయ పోయినట్టే. మర్నాడు పొద్దున మగ పూలు కోసి తెచ్చి, నిన్న వలిచిన మొగ్గ మొగ్గకూ పుప్పొడి రాయాలి. రెండు మూడు నెలల పాటు రోజూ ఇదే. పురుగుమందు కొట్టిన చేలోనే నిలబడాలి. ఈ పనికి పెట్టింది ఎక్కువగా ఆడపిల్లల్ని. మొక్క ఎత్తుకు సరిపోతారు, వేళ్లు సన్నగా ఉంటాయి అన్నారు. అసలు సంగతి, పెద్దవాళ్ల కంటే కూలి తక్కువ, సీజనుకు ముందే తండ్రి చేతిలో అడ్వాన్సు పడి ఉంటుంది. పిల్లలు మా కూలీలు కారు, రైతు కూలీలు అన్నాయి విత్తన కంపెనీలు. మీరిచ్చే ధరకు పెద్దవాళ్లను పెడితే నాకేం మిగులుతుంది అన్నాడు రైతు. 2000 తర్వాత దీనికి వ్యతిరేకంగా ప్రచారం ముదిరి, కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టకూడదన్న షరతును ఒప్పందాల్లో చేర్చాయి.

ప్రపంచం లెక్కలు చూస్తే, 2000లో 24.6 కోట్ల మంది ఉన్న బాలకార్మికులు 2024 నాటికి 13.8 కోట్లకు తగ్గారు. మధ్యలో 2020లో సంఖ్య మళ్లీ 16 కోట్లకు పెరిగింది. 2025 నాటికి సున్నా చేస్తామన్న ఐక్యరాజ్యసమితి గడువు దాటిపోయింది. ఆ 13.8 కోట్లలో 61 శాతం మంది ఉన్నది సేద్యంలో.

2016లో మన చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. మినహాయింపు మళ్లీ పెట్టారు. ప్రమాదకరమైన పని కాకపోతే, బడి వేళలయ్యాకో, సెలవుల్లోనో పిల్ల తన కుటుంబానికి సాయం చేయవచ్చు. సీడు చేలో మొగ్గలు వలిచే పని బడి వదిలే వేళకు ఊపందుకుంటుంది. వలిచిన మొగ్గలకు పుప్పొడి రాయాల్సింది తెల్లారాక, బడిలో పేర్లు పిలిచే సమయానికి.