చెన్నారెడ్డిగారి పక్షాంతరములు



మూసీనదికి జన్మస్థానమగు అనంతగిరిచెంత వికారాబాదు కలదు. అచటినుండి రైలుమార్గమున పడమటికి పోయినచో నాపరాళ్లకును కందిపప్పునకును పేరుగన్న తాండూరు వచ్చును. ఈ రెండు పట్టణముల పక్షమున శాసనసభయందు కూర్చుండిన డాక్టరు మర్రి చెన్నారెడ్డిగారి చరిత్రమును నేడు మీకు విన్నవింతును. ఆయన పుట్టినిల్లును ఈ సీమయే. 1919 జనవరి 13వ తేదీన మర్పల్లి ప్రాంతపు సిరిపురమున జన్మించి, వైద్యవిద్య నభ్యసించి, నాడి చూచుట కంటె ప్రజల నాడి చూచుటయందే యెక్కువ కాలము గడపిరి.

1952లో వికారాబాదునుండి గెలిచి, బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున చేరునాటికి ఆయనకు ముప్పదిమూడేండ్లు. విశాలాంధ్రమునకు మొదట సుముఖులు కారు. అయినను 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుష్యుల ఒప్పందముపై తెలంగాణపక్షమున సంతకము చేసిన నలుగురిలో ఆయన యొకరు. ఆయన తదుపరి నడకకు ఈ సంతకమే బీజమని నా యభిప్రాయము. ఒప్పందము చేసికొనినవాడే అది భగ్నమైనదని చెప్పుటకు అధికారియగును గదా!

1962, 1967 సంవత్సరములలో తాండూరు ఆయనను గెలిపించినది. 1967లో కేంద్రమున ఉక్కుశాఖామంత్రులైరి. ఇంతలో విధి వక్రించినది. వందేమాతరం రామచంద్రరావుగారు వేసిన దావాలో, తాండూరు ఎన్నికయందు అక్రమాచరణ జరిగినదని ఉన్నత న్యాయస్థానము 1968లో ఆ ఎన్నికను రద్దుచేసినది. మంత్రిపదవి పోయినది, ఆరేండ్లపాటు పోటీచేయు నర్హతయు పోయినది.

మరుసటి యేడు తెలంగాణోద్యమము ప్రజ్వరిల్లినది. నేనప్పటికి బాలుడను. బడులు మూతపడి, ఆ సంవత్సరపు చదువు నీటిపాలైనది. తుపాకి గుండ్లకు విద్యార్థులు నేలకొరగిరి. తెలంగాణ ప్రజాసమితిని నెలకొల్పినది ఇతరులు. 1969 మే మాసమున దాని పగ్గములు చెన్నారెడ్డిగారి చేతికి వచ్చినవి. కాంగ్రెసువారు పదవి పోయినందున ఉద్యమమున చేరెనని ఆక్షేపించిరి. కావచ్చును. కాని 1956నాటి సంతకమును మరచి ఆ మాట ననుట న్యాయముగాదు. రెండు కారణములును ఒక మనుష్యుని హృదయమున ఇరుగుపొరుగు కాపురముండవచ్చును.

1971 లోకసభ ఎన్నికలలో ప్రజాసమితి తెలంగాణములోని పదునాలుగు స్థానములలో పదింటిని గెలిచినది. దేశమంతయు ఇందిరాగాంధీగారి ప్రభంజనము వీచుచుండగా ఇది సామాన్యమైన విజయముగాదు. అట్టి సమితి ఆ సెప్టెంబరులోనే కాంగ్రెసులో విలీనమైనది! కాసు బ్రహ్మానందరెడ్డిగారు తొలగిరి, తెలంగాణీయులగు పి.వి. నరసింహారావుగారు సెప్టెంబరు 30న ముఖ్యమంత్రులైరి. ప్రత్యేకరాష్ట్రము మాత్రము రాలేదు.

మా తండ్రిగారు పురోహితులు. ప్రజాసమితికే ఓటు వేసిరి. ఆ వార్త విన్ననాటి సాయంకాలము చాలసేపు అరుగుమీద మాటాడక కూర్చుండిరి. పిదప, "కలిసిన కలిసిరి, మనలనొకమాట అడిగియుండవలసినది" అని మాత్ర మనిరి. ఆ మాటకు సమాధానము నేను ఏ గ్రంథమునందును చూడలేదు. భారతమున యుయుత్సుడు పక్షము మార్చెను. కాని యుద్ధారంభముననే, ఇరుసేనలు చూచుచుండగా, ధర్మరాజు పిలుపు విని మార్చెను. తన నమ్మి వెంటనడచినవారిని నడుమ విడువలేదు. 1971నాటి విలీనమున నాకు తోచు లోప మదియే. రాజీపడుట పాపముగాదు. రాజీకి ముందు ఓటరు ముఖము చూడకుండుటయే నాకు సరిపడదు.

ఆ పిమ్మట ఆయన భాగ్యము మరల వికసించినది. 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నరు; 1978లో కాంగ్రెసు చీలినపుడు ఇందిరాగాంధీగారి పక్షమును పట్టి, 294 స్థానములలో 175 గెలిపించి ముఖ్యమంత్రులైరి. 1980 అక్టోబరులో ఆ పదవి వీడిరి. పంజాబులో గవర్నరుగిరి నెరపిన పిమ్మట కాంగ్రెసును వదలి నేషనల్ డెమోక్రాటిక్ పార్టీని స్థాపించిరి; అది వేరూనలేదు. మరల కాంగ్రెసు గూటికే చేరి, 1989లో ఆ పార్టీని గెలిపించి రెండవమారు ముఖ్యమంత్రులైరి. మరుసటి డిసెంబరున హైదరాబాదులో మతకలహములు చెలరేగిన వేళ రాజీనామా చేసిరి. 1996 డిసెంబరు 2న మరణించునాటికి తమిళనాడు గవర్నరు.

ఇంతలో 1985లో ఫిరాయింపుల నిషేధశాసనము వచ్చినది. శాసనసభాపక్షమున మూడింట రెండువంతులవారు కలిసి పోయినచో అది ఫిరాయింపు గాక విలీనమగును. 2019లో తెలంగాణ కాంగ్రెసు శాసనసభ్యులు పన్నిద్దరు ఈ దారినే తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరిరి. వారిలో తాండూరు సభ్యుడు నొకరు. 2023 ఎన్నికలలో తాండూరువారు ఆయనను ఓడించి, మరల కాంగ్రెసు అభ్యర్థినే గెలిపించిరి. ఆనాటి సాయంకాలము మా తండ్రిగారి అరుగు నాకు జ్ఞప్తికి వచ్చినది.