కాటుకరేకులపొడ

నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత అమరకోశము వల్లె వేయించినవాడను. పామునకు అందు గల పర్యాయపదములను నిద్రలో లేపి యడిగినను చెప్పగలను. కన్నులతో వినునది గనుక చక్షుశ్శ్రవము, గాలిని భక్షించునది గనుక పవనాశనము. (పాములు గాలి మేసి బ్రదుకుననుట కవుల మాట, ఎలుకల నడిగిన నిజము తెలియును.) అట్టి నేను ఒకనాడు బడి యరుగుక్రింద పాము కనబడగా విషసర్పమని కొట్టించితిని. పశువులను గాచుకొనుచు బడికి వచ్చు కుఱ్ఱవాడొకడు చచ్చినదానిని త్రిప్పి చూచి, 'పంతులుగారూ, ఇది జెర్రిపోతండీ, దీనికి విషం లేదండీ' అనెను. ఆ సిగ్గు నేటికిని నన్ను వదలలేదు.

ఉద్యోగము విరమించిన పిదప ఆ సిగ్గే నన్ను పాట్రిక్ రస్సెలు గ్రంథమునొద్దకు చేర్చినది. ఈయన 1727లో ఎడింబరోలో జన్మించిన వైద్యుడు. 1781లో తమ్ముడు క్లాడ్ రస్సెలు విశాఖపట్టణమునకు కుంఫిణీ యధికారియై రాగా ఈయనయు వెంట వచ్చెను. 1785లో కుంఫిణీవారు ఈయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. మొక్కలను పరిశీలించుట కొలువు. మనస్సు మాత్రము పాములపై నిలిచెను. విషము గలదానిని లేనిదానినుండి సులువుగా గుర్తించు మార్గము కనుగొనవలెనని ఆయన సంకల్పము. పాములను తెప్పించి, పొలుసులు లెక్కించి, కోరలు పరీక్షించి, కోళ్లకును కుక్కలకును కాటు వేయించి ఫలితములు వ్రాసికొనెను. ఆ మూగజీవముల తలంపు వచ్చినపుడు నా మనస్సు చివుక్కుమనును.

1796లో లండనులో అచ్చయిన ఆ గ్రంథమున బొమ్మలకంటె నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నవి తెలుగు పేళ్లు: బంగారుపాము, పెద్దపొడ, కాటుకరేకులపొడ. పొడ యనగా మచ్చ. పెద్దపొడ కొండచిలువ. రెండవ పొడ వీపుమీది మచ్చలకు చుట్టును నల్లని అంచు, కాటుక దీర్చిన రేకువలె నుండును. కొండచిలువ పిల్లయనుకొని దీనిని చేతబట్టినవానికి ప్రాణమే ముప్పు. ఆ యంచును చూచి పేరు పెట్టిన యజ్ఞాతుడు మా యమరము చదివియుండడు; పారిపోక నిలిచి చూచినవాడు మాత్రము నిశ్చయము.

1797లో ఆంగ్లశాస్త్రజ్ఞులు ఆ పామునకు రస్సెలు పేరే పెట్టిరి, కాటుకరేకులు జారిపోయెను. బంగారుపాము అదృష్టము వేరు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదెన్ ఆ జాతికంతటికిని 'బంగారస్' అని నామకరణము చేసెను. బంగారువన్నె యేమాత్రము లేని మన కట్లపామునకు సైతము నేడదియే శాస్త్రనామము!

ఆ కుఱ్ఱవాడిప్పుడు మనుమలనెత్తిన గృహస్థు. మొన్న వచ్చినపుడు, బొమ్మ చూపక, 'కాటుకరేకులపొడ' యని మాత్రము చదివితిని. ఆతడు క్షణమాగి, 'రక్తపింజరే కదండీ, పంతులుగారూ' అనెను.