ఒకే పాట, మూడు జంటలు



పొయ్యిమీద పులుసు మరుగుతూండగా రేడియోలో 'లాహిరి లాహిరి' పాట వస్తే మీరేం చేస్తారు? మా దేవరాపల్లిలో మా అమ్మయితే పొయ్యిలోంచి ఓ కట్టె వెనక్కి లాగేది. వంట ఆలస్యమైందని మాట పడినా సరే, పాట మాత్రం పూర్తిగా వినాల్సిందే.

ఈ పాట 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'లోది. రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు. మోహన రాగంలో వరస కట్టింది సాలూరి రాజేశ్వరరావుగారు. ఆయన మధ్యలో తప్పుకుంటే మిగతా సంగీతమంతా ఘంటసాలగారు పూర్తిచేశారు. ఘంటసాలగారు మనకి పరాయివారా? మన పక్కనున్న విజయనగరంలో, మధూకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్నారాయన. ఆయనతో గొంతు కలిపిన పి. లీలగారిది కేరళ, మాతృభాష మలయాళం. పాట వింటే ఆ సంగతి ఎవరికైనా తోస్తుందా!

మార్కస్ బార్ట్లేగారి వెన్నెల్లో మొదట శశిరేఖా అభిమన్యులు కనిపిస్తారు. తర్వాత రుక్మిణీ కృష్ణులు. ఆపైన రేవతీ బలరాములు. పెళ్ళికాని జంట, కాపురంలో ఉన్న జంట, కూతురికి పెళ్ళీడు వచ్చిన జంట. తెరమీద ఆరుగురు, గొంతులు మాత్రం రెండే! వయసు మళ్ళినవాళ్ళకి వేరే పాట అక్కర్లేదన్నమాట. అందుకే 2010లో సినిమాకి రంగులద్దినప్పుడు అమ్మమ్మలూ మనవరాళ్ళూ కలిసి చూశారు.

యుగళగీతమంటే ఇద్దరూ ఒక్కసారే గొంతెత్తడం కాదు. ఒకరు పాడుతూంటే రెండోవారు ఆగి వినాలి. 1956లో అమెరికాలో ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే జాజ్ గాయకులు కలిసి పాడిన రికార్డు వచ్చింది. ఆవిడది తేనెగొంతు, ఆయనది బొంగురుగొంతు. ఒకరి గొంతు రెండోవారి గొంతుని మింగెయ్యలేదు కనకనే జనం దాన్ని ఇప్పటికీ వింటున్నారు.

మా నాన్నగారు అమ్మని పేరుపెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. "ఇదిగో" అంటే అమ్మ వచ్చేది, అంతే. కాని ఈ పాట వస్తే ఆయన వీధరుగు మీంచి ఘంటసాలగారి వంతు అందుకునేవారు. వంటింట్లోంచి అమ్మ లీలగారి వంతు పాడేది. మధ్యన రెండు గదులున్నా ఆ కాసేపూ మా ఇంట్లో ఇద్దరి మాటకీ సమానమైన చోటుండేది.

నాన్నగారు పోయారు. అమ్మ ఇప్పటికీ పాడుకుంటుంది, తన వంతే. ఆయన వంతు వచ్చేసరికి ఆగి, అంతసేపూ ఊరుకుని, మళ్ళీ అందుకుంటుంది.

ఈసారి ఆ పాట వినిపిస్తే మీరూ పొయ్యి తగ్గించండి. అవతలి గదిలో పాడే మనిషి ఉంటే వినండి. కాని మీ వంతు మాత్రం వదులుకోకండేం!