క్యూబ్ కూలిన కాలం

ఒకప్పుడు కంపెనీల్లో అర్ధరాత్రి దాటాక ఒక తంతు నడిచేది. దుకాణాల నుంచి, గోడౌన్ల నుంచి వచ్చిన లెక్కలు డేటా వేర్‌హౌస్‌లోకి చేరగానే క్యూబ్ ప్రాసెసింగ్ మొదలయ్యేది. ఏ ప్రాంతంలో, ఏ నెలలో, ఏ సరుకు ఎంత అమ్ముడైందో క్యూబ్ ముందే కూడి పెట్టుకునేది. తెల్లారి మేనేజరు ఎక్సెల్‌లో పివట్ తెరిచి, సంవత్సరం పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే త్రైమాసికాలు, మళ్లీ నొక్కితే నెలలు. కింద కోట్ల వరుసలున్నా రెప్పపాటులో జవాబు. రిపోర్టు నేరుగా వేర్‌హౌస్ గడప తొక్కేది కాదు, మధ్యలో క్యూబ్ నిలబడి ఉండేది. ఆ మధ్యవర్తి ఇప్పుడు దాదాపుగా కనుమరుగైంది.

దాని వైభవం చిన్నదేమీ కాదు. 1970లో రిలేషనల్ డేటాబేస్‌కు పునాది వేసిన ఎడ్గర్ కాడ్, 1993లో ఈ తరహా విశ్లేషణకు ఓలాప్ అన్న పేరు పెట్టి 12 సూత్రాలు రాశారు. ఆ పత్రం వెనక ఎస్‌బేస్ అనే క్యూబ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఆర్బర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుందని తర్వాత తేలి మచ్చ పడింది గానీ, పేరు నిలిచిపోయింది. 1996లో మైక్రోసాఫ్ట్ ఇజ్రాయెల్ కంపెనీ పనోరమా దగ్గర ఓలాప్ సాంకేతికతను కొని, 1998లో ఎస్‌క్యూఎల్ సర్వర్ 7.0తో కలిపి ఇచ్చింది. దాంతో క్యూబ్ చిన్న ఆఫీసుల్లోకీ దిగింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఎంఎస్‌బీఐ, కాగ్నోస్, బిజినెస్ ఆబ్జెక్ట్స్ వెలిగాయి. ఆ చదువుతో విమానమెక్కిన తెలుగు పిల్లలు ఎందరో. 2007లో ఒరాకిల్ హైపీరియన్‌ను, ఎస్‌ఏపీ బిజినెస్ ఆబ్జెక్ట్స్‌ను, ఐబీఎం కాగ్నోస్‌ను కొంటున్నట్టు ప్రకటించాయి. ఐబీఎం ఒక్కటే దాదాపు 500 కోట్ల డాలర్లకు సిద్ధపడింది. శిఖరం అదే.

పతనానికి బీజం దాని బలంలోనే ఉంది. అన్నీ ముందే కూడి పెట్టాలంటే, ఏం అడుగుతారో ముందే తెలియాలి. కొత్త కోణం ఒకటి చేర్చాలంటే డిజైన్ మార్చి మళ్లీ ప్రాసెస్ చేయాలి. వ్యాపారం వాళ్లు ఆగలేకపోయారు. ఇక 'ఆట్రిబ్యూట్ కీ కనబడలేదు' అన్న ఎర్రర్‌ను, మైక్రోసాఫ్ట్ క్యూబ్ సర్వర్ అనలిసిస్ సర్వీసెస్ మీద నైట్ షిఫ్టు చేసినవాళ్లెవరూ మరచిపోలేరు. అమ్మకాల పట్టికలోకి కొత్త సరుకు కోడ్ వచ్చేసింది, సరుకుల పట్టికలోకి అదింకా ఎక్కలేదు. ఆ ఒక్క కోడ్ దగ్గర ప్రాసెసింగ్ అంతా ఆగిపోయేది. తెల్లవారేలోగా సరిచేయకపోతే కంపెనీ మొత్తం నిన్నటి అంకెలే చూసేది.

ఆపైన బయటి దెబ్బలు. మెమరీ చవకైంది. డేటాను నిలువు వరుసలుగా కుదించి దాచే పద్ధతి బలపడింది, అడిగినప్పుడే కూడినా ఆలస్యం కానంత వేగం దానిది. 2010లో పవర్ పివట్‌గా ఎక్సెల్‌లోకి దూరి, 2012లో ట్యాబ్యులర్ పేరుతో అనలిసిస్ సర్వీసెస్‌లోనే క్యూబ్ పక్కన పీట వేసుకుంది. 2013లో అమెజాన్ రెడ్‌షిఫ్ట్ వచ్చాక అలాంటి వేర్‌హౌసే అద్దెకు దొరికింది. మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్‌లో పెట్టిన అజూర్ అనలిసిస్ సర్వీసెస్‌లో పాత క్యూబ్‌కు చోటే ఇవ్వలేదు.

వేగం పోయిందని నాకు బాధ లేదు, అంతకన్నా వేగమైనవి వచ్చాయి. పోయింది వేరు. గోడౌన్‌లో జనవరి చివర 100 బస్తాలు, ఫిబ్రవరి చివర 80, మార్చి చివర 60 ఉన్నాయనుకోండి. త్రైమాసికం ముగిసేసరికి నిల్వ ఎంత? 60. అమ్మకాలను నెలనెలా కూడవచ్చు, నిల్వను కూడకూడదు. క్యూబ్‌లో ఆ కొలత దగ్గర 'చివరి విలువ తీసుకో' అని ఒక్కసారి చెప్పి పెడితే, ఎవరు ఏ పివట్ లాగినా 60 వచ్చేది. పొరపాటున 240 వచ్చే వీలుండేది కాదు. రెండు దుకాణాల్లో కొన్న మనిషిని ఒక్కరిగానే లెక్కించడం, తిరిగొచ్చిన సరుకును ఏ నెలలో తీసేయాలన్నది, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుందన్నది, అన్నీ అక్కడే ఉండేవి. అకౌంట్స్ వాళ్లూ సేల్స్ వాళ్లూ కూర్చుని, వాదించుకుని, చివరికి ఒప్పుకున్న మాటలవి.

క్యూబ్ తప్పుకోగానే రిపోర్టులు నేరుగా వేర్‌హౌస్‌కే వెళ్లాయి. ఎవరి క్వెరీ వారిది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాధనం పవర్ బీఐని వేర్‌హౌస్‌కు ఎలా కలపాలని మీటింగ్ పెడితే, మాటంతా ఇంపోర్టా, డైరెక్ట్ క్వెరీయా అన్నదాని చుట్టూనే. ఇంపోర్ట్ అయితే డేటా నకలు తెచ్చుకుంటుంది, చురుగ్గా ఉంటుంది. కానీ ప్రో లైసెన్సులో మోడల్ 1 జీబీ దాటకూడదు, షెడ్యూల్ పెట్టి తాజా చేసుకునేది రోజుకు 8 సార్లే. డైరెక్ట్ క్వెరీలో నకలు ఉండదు గానీ, పేజీలోని ప్రతి చార్టూ వేర్‌హౌస్‌ను విడిగా అడుగుతుంది. క్లౌడ్ సేవ స్నోఫ్లేక్‌లో నిద్రపోయిన వేర్‌హౌస్‌ను ఒక్క క్లిక్కుతో లేపినా కనీసం 60 సెకన్ల బిల్లు పడుతుంది. డబ్బుతో పని కాబట్టి ఈ లెక్కలు చూసుకోవాల్సిందే. కానీ నిల్వను కూడకూడదన్న మాట ఎక్కడ రాసి పెట్టాలో అడిగేవాళ్లు అరుదు. అది పట్టికలో ఇమిడే మాట కాదు, ఏ స్థాయిలో కూడుతున్నారన్నదాన్ని బట్టి పనిచేసే నియమం. అందరూ పంచుకునే ఒక మోడల్ ఉంటేనే దానికి చోటు. లేకపోతే ఒక్కో రిపోర్టులో ఒక్కోలా రాసుకుంటారు, అలా రాసుకోవాలని ఎవరూ నిర్ణయించకపోయినా.

క్యూబ్ వంశం పూర్తిగా పోలేదు. పవర్ బీఐ లోపల నడిచేది అనలిసిస్ సర్వీసెస్ ఇంజనే. ఎక్సెల్ పివట్‌ను పవర్ బీఐ మోడల్‌కు కలిపితే నేటికీ ప్రశ్న క్యూబ్ భాష ఎండీఎక్స్‌లోనే వెళ్తుంది. లుకర్, డీబీటీ లాంటి సాధనాలు కొలతల నిర్వచనాలను మళ్లీ ఒకచోట చేర్చే పనిలో ఉన్నాయి. అయితే పాత క్యూబ్‌ను దించేటప్పుడు ముందుగా కదిలేవి పట్టికలు. చదవగలిగే మనిషి దొరకక ఎండీఎక్స్ స్క్రిప్టు వెనకబడుతుంది. అందులో ఒక లైను, ఫలానా రకం బిల్లులను అమ్మకాల్లోంచి తీసేస్తుంది. ఎందుకు తీసేయాలో తెలిసిన అకౌంటెంట్ రిటైరయ్యారు. రాసినవాడు వేరే దేశంలో వేరే ప్రాజెక్టులో ఉన్నాడు. ఆ లైను లేకుండానే కొత్త డ్యాష్‌బోర్డు వస్తుంది, అందులో అమ్మకాలు కాస్త పెరిగినట్టు కనిపిస్తాయి.