బుట్టలో పడ్డ అక్షరాలు

ఇటలీలో నేపుల్స్ పట్నానికి దగ్గర్లో, వెసువియస్ కొండ పాదాన, 1738లో కూలీలు నేల కింద సొరంగాలు తవ్వుతున్నారు. క్రీ.శ. 79లో ఆ కొండ నిప్పులు కక్కినప్పుడు పూడిపోయిన హెర్క్యులేనియం ఊరు ఆ నేల కింద ఉంది. అంతకు పాతిక ముప్పై ఏళ్ల ముందే అక్కడ బావి తవ్వుతుంటే చలువరాళ్లు బయటపడ్డాయి. సంగతి తెలిసిన ఒక ప్రభువు ఆ నేల కొనుక్కుని, లోపలినుంచి విగ్రహాలు తోడుకుపోయాడు. ఈసారి నేపుల్స్ రాజే పూనుకున్నాడు. పని అప్పగించింది అల్కుబియెరే అనే సైనిక ఇంజనీరుకి. ఒకచోట కంచు అక్షరాలు పొదిగిన శాసనం కనబడింది. ఆ అక్షరాలను ఊడబెరికి, బుట్టలో వేసి, రాజుగారి దగ్గరికి పంపేశారు. ఏ అక్షరం పక్కన ఏ అక్షరం ఉందో ఎవరూ రాసుకోలేదు.

జర్మన్ పండితుడు వింకెల్మన్ 1760లలో ఈ సంగతి లోకానికి చెప్పి, ఆ తవ్వకాలను కడిగేశాడు. పురావస్తు తవ్వకం అనే విద్య పుట్టుక చెప్పమంటే నేను ఈ బుట్ట దగ్గరే మొదలుపెడతాను. రాజుగారికి కంచంతా దక్కింది. వరుస పోయింది, దాంతో మాట పోయింది.

నిధుల కోసం నేలను తవ్వడం మనిషికి ఎప్పటినుంచో తెలుసు. మట్టిని చదవడం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. అందుకు కావలసిన సూత్రమేమో చిన్న పిల్లలకైనా అర్థమవుతుంది. మన పల్లెల్లో పాటిదిబ్బలు చూసే ఉంటారు. ఎప్పుడో జనం ఉండి వెళ్లిపోయిన చోటు అది. మట్టిగోడ కూలితే దాన్నే చదును చేసి మళ్లీ ఇల్లు కట్టారు. పొయ్యి బూడిద, పగిలిన కుండ, ఎముక ముక్క అక్కడక్కడే తొక్కుడుపడి నేల మెల్లగా ఎత్తు పెరిగింది. అంటే అడుగున ఉన్నది ముందరిది, పైనున్నది తర్వాతది. రాతి పొరల గురించి ఈ మాటను స్టెనో అనే డేనిష్ శాస్త్రవేత్త 1669లోనే చెప్పాడు. మనుషులున్న దిబ్బలకు దాన్ని వర్తింపజేయడానికి ఇంకో వందేళ్లు దాటింది. 1780లలో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ వర్జీనియాలో ఓ ఆదివాసుల సమాధి దిబ్బను అడ్డంగా కోయించి, ఎముకలు ఏ పొరలో ఎలా ఉన్నాయో రాసిపెట్టాడు. ఆ దారిన వెంటనే నడిచినవాళ్లు తక్కువ.

నడవకపోతే ఏమవుతుందో ట్రాయ్ చెబుతుంది. హైన్రిక్ ష్లీమన్ జర్మన్ వ్యాపారి. హోమర్ కావ్యంలోని ట్రాయ్ నగరం కట్టుకథ కాదని అతని నమ్మకం. టర్కీలోని హిస్సార్లిక్ దిబ్బే ఆ చోటని, ఆ దిబ్బలో కొంత భాగానికి సొంతదారైన ఫ్రాంక్ కాల్వర్ట్ అతనికి చెప్పాడు. ఆ మాట తప్పు కాలేదు. 1871లో ష్లీమన్ తవ్వకం మొదలుపెట్టాడు. అంత పాత ట్రాయ్ అట్టడుగునే ఉండి తీరాలనుకున్నాడు. దిబ్బ నడిమధ్యన పెద్ద కందకం కొట్టించి, అడ్డొచ్చిన గోడలన్నీ కూల్చుకుంటూ కిందికి దిగిపోయాడు. 1873లో బంగారు నగలు దొరికాయి. హోమర్ కావ్యంలోని ట్రాయ్ రాజు ప్రియాము నిధి అని ప్రకటించాడు. నిజానికి అది అడుగునుంచి రెండో ఊరిది. ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి వెయ్యేళ్లకు పైగా పాతది. అతను వెతికిన కాలపు ఊరు ఆరు, ఏడు పొరల్లో ఉంది. దానిలో చాలా భాగం అతని పలుగుపారలకే పోయింది. తొమ్మిది ఊళ్లు ఒకదానిమీద ఒకటి నిలిచిన ఆ దిబ్బను తర్వాత డోర్ప్‌ఫెల్డ్ అనే జర్మన్ పురావస్తువేత్త ఓపిగ్గా విడదీసి చూపాడు. ష్లీమన్ పట్టుదల మీద నాకు గౌరవముంది. కానీ ఆ కందకం బొమ్మ చూసిన ప్రతిసారీ బాధే కలుగుతుంది.

మన దగ్గర జరిగిందీ తక్కువ నష్టం కాదు. అమరావతి స్తూపాన్ని ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టించేటప్పుడు ఇటుకకీ రాతికీ ఆ దిన్నెను తవ్వారు. శిల్పాల ఫలకాలు సున్నపు బట్టీల్లోకి కూడా వెళ్లాయి. 1797లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చినప్పుడు చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. ఎన్నో ఫలకాలకు ఇప్పుడు ఆ బొమ్మలే దిక్కు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. 1877లో రాబర్ట్ సీవెల్ కొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు ఉత్తర్వుతో మధ్యభాగమంతా తోడేశారు. మరుసటి ఏడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది గొయ్యి. ఫలకాలు లండన్‌లోనూ చెన్నైలోనూ చూడవచ్చు. ఏ ఫలకం ఎక్కడ నిలిచేదో పండితులు ఇప్పటికీ కూడబలుక్కుంటున్నారు.

విద్య చక్కబడిందీ ఆ రోజుల్లోనే. ఇంగ్లండులో పిట్-రివర్స్ అనే సైన్యాధికారి 1880 నుంచి తన ఎస్టేటులో తవ్వుతూ, బంగారానికీ పెంకుకీ తేడా చూడకుండా అన్నీ నమోదు చేశాడు. తవ్విన గోతిని పూడ్చే ముందు అడుగున తన పేరిట ఓ పతకం వేసేవాడు, తర్వాత వచ్చేవాళ్లు మోసపోకూడదని. ఇంగ్లిష్ పురావస్తువేత్త ఫ్లిండర్స్ పెట్రీ 1890లో పాలస్తీనాలోని తెల్ ఎల్-హెసీ దిబ్బ దగ్గర ఆరు వారాలు పనిచేసి, పొర మారినకొద్దీ కుండల తీరు మారడం గమనించాడు. పెంకు చూసి కాలం చెప్పవచ్చని అప్పుడు తేలింది. ఎవరూ ఏరుకోని కుండపెంకు ఆ రోజునుంచి తవ్వకందారులకు పంచాంగమైంది.

ఆ పంచాంగం దక్షిణ భారతానికి అందింది 1945లో. అప్పుడు మన పురావస్తు శాఖకు అధిపతి మార్టిమర్ వీలర్. పుదుచ్చేరి పక్కన అరియాంకుప్పం నది ఒడ్డునున్న అరికమేడులో ఆయన తవ్వించాడు. నేలను చదరాలుగా విభజించి, చదరానికీ చదరానికీ మధ్య గట్టు వదిలేసేవారు. మన పొలాల గట్లలాగే. గోతి పక్కగోడ మీద పొరలు బారులు తీరి కనబడేవి. వాటికి చీటీలు గుచ్చేవారు. అక్కడ ఇటలీలోని అరెజ్జో తరహా ఎర్రటి నునుపు పాత్రల పెంకులు దొరికాయి. వాటి కాలం యూరప్‌లో ముందే తేలింది. క్రీస్తు శకం మొదలైన రోజులవి. వాటి పొరల్లోనే, లోపలివైపు చుక్కల వలయాలున్న పళ్లేలూ కనబడ్డాయి. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వితే పై పొరలో అవే పళ్లేలు. ఆ పొరకు వీలర్ పెట్టిన పేరు ఆంధ్ర సంస్కృతి. దాని కింద రాతి సమాధులు కట్టినవాళ్ల పొర, ఆ కింద రాతి గొడ్డళ్లవాళ్ల పొర. మనవాళ్లు రాక్షసగుళ్లని పిలుచుకునే ఆ సమాధులకు మొదటిసారి ఓ కాలక్రమం దొరికింది, ఎక్కడో ఇటలీలో చేసిన కుండపెంకు సాయంతో.

వీలర్ చెప్పినవన్నీ నిలబడలేదు. చుక్కల పళ్లేలు మధ్యధరా తీరాన్నుంచి వచ్చాయనుకున్నాడు. అవి ఈ నేల మీదే తయారయ్యాయని ఇప్పుడు పరిశోధకులు చెబుతున్నారు. విమలా బెగ్లీ 1989-92లో మళ్లీ తవ్వి, అరికమేడు ఆయన అనుకున్నదానికన్నా పాతదని చూపింది. పొరల వివరాలు ఆయన రాసి ఉంచబట్టే ఆ తప్పును దిద్దగలిగారు. ట్రాయ్ కందకంలో పోయిన గోడలను ఎవరూ దిద్దలేరు. 1949లో విల్లార్డ్ లిబీ బృందం కార్బన్-14 పద్ధతి ప్రకటించాక బొగ్గు ముక్కకూ వయసు కట్టగలుగుతున్నాం. కానీ ఆ బొగ్గు ఏ పొరలోదో తెలియకపోతే ఆ వయసు దేనికీ చెందదు.

పాటిమన్ను ఎరువుకు మంచిదని మన రైతులు బండ్లకొద్దీ పొలాలకు తోలుకోవడం పాత అలవాటు. ఇప్పుడు జేసీబీలు వచ్చాయి. పూర్వం ఏడాదంతా తోలినది పూటలో పోతుంది. మీ చేనులోనో, ఇంటి పునాదిలోనో పాత కుండో, పూసో, నాణెమో బయటపడితే కడగకండి, పెరికేయకండి. ఉన్నచోటే ఉంచి ఫోన్‌తో ఫోటో తీయండి. ఎంత లోతున ఉంది, పక్కన ఏముంది, మట్టి ఏ రంగులో ఉంది రాసిపెట్టుకోండి. తహసీల్దారు కార్యాలయానికో పురావస్తు శాఖకో కబురు చేయండి. పది రూపాయలకు మించి విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. వాళ్లు వచ్చేదాకా ఆ మట్టిని కదపకండి.