లాటిను బిడ్డలు – మన చరిత్ర
మార్కాపురపు పలకమీద ఓనమాలు దిద్దిన బిడ్డకు ఫ్రెంచితో, స్పానిషుతో పని యేమని కొందరు ప్రశ్నింతురు.

మార్కాపురము, గిద్దలూరు, కంభము ఒకనాడు విజయనగర రాజ్యములోనివే. ఆ రాజ్యమును కన్నులార చూచి పదునారవ శతాబ్దిలో పాయెస్, నూనిజ్ వ్రాసిన వృత్తాంతములు పోర్చుగీసులో నున్నవి. మనలో పెక్కుమందిమి వానిని 1900లో స్యూయెల్ ప్రకటించిన ఆంగ్లానువాదము ద్వారానే ఎరుగుదుము. మన యింటి కథను పొరుగువాడు చెప్పగా, వేరొకడు తర్జుమా చేయగా వినుచున్నాము!

పోర్చుగీసు, స్పానిషు, ఫ్రెంచి, ఇటాలియను లాటిను కన్న బిడ్డలు. ఒకటి వచ్చినవారికి మరియొకటి సులభము. హైదరాబాదులో 1958లో ఆంగ్లబోధనకై వెలసిన సంస్థ 2007లో ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్ర విశ్వవిద్యాలయమై, ఫ్రెంచి, స్పానిషులను బి.ఏ. తరగతులలో బోధించుచున్నది. మన పడమటి పల్లెల బిడ్డ యొక్కరు ఆ త్రోవను నడచి, మూలములను తెలుగు చేసినచో, మన కథను మన నుడిలోనే విందుము.